రెండు సర్వర్లకు క్లస్టర్ ఎందుకండీ?

ప్రశ్న: మా పుస్తకాల షాపు సైట్‌లో సెర్చ్ అంతా ఒకే సోలర్ (సెర్చ్ నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ మీద నడుస్తోంది. ఐదు లక్షల పుస్తకాల వివరాలున్నాయి, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సోలర్ తయారుచేసుకునే పట్టిక) 3 జీబీ లోపే. కొత్త స్టాకు, ధరలు రోజుకు రెండుసార్లు ఎక్కిస్తాం. దసరా ఆఫర్ల రోజున సర్వర్ పడిపోయి రెండు గంటలు సెర్చ్ లేదు. సోలర్‌క్లౌడ్ (సోలర్ సర్వర్లను క్లస్టర్‌గా, అంటే ఒకే జట్టుగా నడిపే పద్ధతి) పెట్టమని ఒకరు, ఇంకో రెండు సర్వర్లు తీసుకుని వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే సెర్చ్‌లను సర్వర్లకు పంచేది) పెడితే చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీకు లోడ్ బ్యాలెన్సర్ చాలు. క్లస్టర్ అవసరం పడేది ముఖ్యంగా రెండు సందర్భాల్లో: ఇండెక్స్ ఒక మెషీన్‌లో పట్టనప్పుడు, లేదా ఏ సర్వర్ పోయినా కొత్త డేటా ఎక్కించడం ఆగకూడదన్నప్పుడు. మీకు రెండూ లేవు. 3 జీబీ ఇండెక్స్ 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో హాయిగా పడుతుంది, దాన్ని షార్డులుగా (ముక్కలుగా) విడగొడితే ప్రతి సెర్చూ అన్ని షార్డులనూ అడిగి జవాబులు కలుపుకోవాలి, పని పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పైగా 2012లో సోలర్ 4.0తో వచ్చిన ఈ సోలర్‌క్లౌడ్‌కి జూకీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్ కావాలి. ఎవరు లీడర్ (కొత్త డేటా ముందుగా తీసుకునే సర్వర్), ఏ కాపీ ఎక్కడుంది అన్న లెక్కలన్నీ దాని దగ్గరే ఉంటాయి. అది మెజారిటీ మీద నడుస్తుంది కాబట్టి ఒకటి పోయినా నిలబడాలంటే కనీసం 3 జూకీపర్లు ఉండాలి. 2 పెడితే ఏ ఒక్కటి పోయినా రెండోది చేతులెత్తేస్తుంది, అంటే ఒకటే పెట్టుకున్నదానికన్నా అధ్వానం. రెండు సెర్చ్ సర్వర్లను చూసుకోవడానికి మూడు జూకీపర్లా? చారాణా కోడికి బారాణా మసాలా!

ఒక లీడర్, దాని ఇండెక్స్ కాపీ పెట్టుకుని సెర్చ్‌లకు జవాబిచ్చే రెండు ఫాలోయర్లు పెట్టండి. డేటా లీడర్‌కే ఎక్కించండి, ఫాలోయర్లు మీరు చెప్పిన వ్యవధికోసారి దాన్ని అడిగి కొత్త ఫైళ్ళు మాత్రం తెచ్చుకుంటాయి. (ఎవరైనా ఆప్టిమైజ్, అంటే ఇండెక్స్ ఫైళ్ళన్నీ కలిపి కొత్తగా రాయించే బటన్, నొక్కితే మాత్రం మొత్తం ఇండెక్స్ మళ్ళీ కాపీ అవుతుంది, కాబట్టి నొక్కకండి.) లీడర్ పడిపోతే కొత్త ధరలు ఆగుతాయి గానీ సెర్చ్ ఆగదు, రోజుకు రెండుసార్లు ఎక్కించే షాపుకు దాంతో కొంప మునగదు.

అసలు జాగ్రత్త పడాల్సింది హెల్త్ చెక్ (సర్వర్ బాగుందో లేదో లోడ్ బ్యాలెన్సర్ చూసుకునే పరీక్ష) దగ్గర. చాలామంది పోర్టు (సర్వర్‌తో కనెక్టయ్యే ద్వారం) తెరిచి ఉందా లేదా అన్నది చూసి ఊరుకుంటారు. ఒక ఫాలోయర్ రీస్టార్టయి ఇండెక్స్ ఖాళీగా లేచిందనుకోండి, పోర్టు తెరిచే ఉంటుంది, సోలర్ పింగ్ (పనిచేస్తున్నావా అని సోలర్‌ని అడిగే పరీక్ష) కూడా ఓకే అనే చెబుతుంది. ఖాళీ ఇండెక్స్ కదా, మిగతావాటికన్నా వేగంగా 'ఏమీ దొరకలేదు' అంటుంది. హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్‌లో లీస్ట్‌కాన్ పద్ధతి పెట్టుకుని ఉంటే, తక్కువ కనెక్షన్లున్న సర్వర్ ఇదే కాబట్టి జనాన్నంతా దీని దగ్గరికే పంపుతుంది! అందుకని మీ దగ్గర తప్పకుండా ఉండే మాట, 'నవల' అనుకుందాం, దాన్ని వెతికించి, ఫలితాలు సున్నా వస్తే ఆ సర్వర్‌ని పక్కన పెట్టేలా చెక్ రాయించండి.

ఇంకోటి, పండగ రద్దీలో రెండు ఫాలోయర్లూ 70 శాతం లోడ్ మీద నడుస్తుంటే, ఒకటి పోగానే దాని భారం కూడా మీద పడి రెండోది కూలుతుంది. ఒక్కటే మొత్తం రద్దీ మోయగలదో లేదో పండగకు ముందే, రాత్రిపూట ఒకదాన్ని ఆపి చూసుకోండి.

ప్రతి ఆర్డరుకీ స్టాకు సెకన్లలో సెర్చ్‌లో మారాలి, అది ఏ క్షణమూ ఆగకూడదు అనే రోజు వస్తే అప్పుడు సోలర్‌క్లౌడ్ గురించి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా స్టాకు లెక్క డేటాబేస్‌లోంచి చూపిస్తే సరిపోతుందేమో ముందు ఆలోచించండి.

ప్రశ్న: సరే, ఆ లోడ్ బ్యాలెన్సరే పడిపోతే? – అదే పాఠకుడు

జవాబు: హెచ్‌ఏప్రాక్సీ రెండు మెషీన్లలో పెట్టి, కీప్‌అలైవ్‌డీ అనే సాఫ్ట్‌వేర్‌తో రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్ ఇవ్వండి. మొదటిది పోతే ఆ అడ్రస్ కొద్ది సెకన్లలో రెండోదానికి వెళ్ళిపోతుంది. సర్వర్లు క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటే ఈ శ్రమ వద్దు, వాళ్ళ లోడ్ బ్యాలెన్సరే వాడుకోండి.