తనది కాని భూమిపై రాజు ఇచ్చిన సనదు చెల్లుతుందా?

ప్రశ్న: ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ 1606లో అమెరికా తీర భూములను వర్జీనియా కంపెనీకి రాయల్ చార్టర్, అంటే రాజ సనదు ద్వారా ఇచ్చాడని చదివాను. అక్కడ అప్పటికే స్థానిక తెగలు ఉన్నాయి. తనది కాని భూమిని రాసివ్వడం చెల్లుతుందా? ఇచ్చిన సనదును రద్దు చేయవచ్చా?
— న్యాయశాస్త్ర విద్యార్థి, గుంటూరు

జవాబు: తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి బదలాయించలేరన్న సూత్రం మీ మనసులో ఉన్నట్లుంది. ఆ సనదును క్రయదస్తావేజుగా చదివితే మీ సందేహం సబబే. కానీ అది ప్రధానంగా రాజుకూ ఆయన ప్రజలకూ మధ్య నడిచిన పత్రం. 34, 45 డిగ్రీల అక్షాంశాల నడుమ వలసలు స్థాపించడానికి రెండు వర్తక బృందాలకు అనుమతి ఇచ్చి, దొరికే బంగారం, వెండిలో ఐదో వంతు, రాగిలో పదిహేనో వంతు రాజుకు చెల్లించాలని షరతు పెట్టింది. అక్కడ పుట్టే పిల్లలకు ఇంగ్లండులో పుట్టినవారితో సమానంగా హక్కులుంటాయని కూడా రాసింది. 1765లో బ్రిటన్ వలసలపై విధించిన స్టాంపు పన్నును ఎదిరించిన వర్జీనియా శాసనసభ ఈ మాటనే ఆధారంగా చూపింది.

స్థానికులు ఆ పత్రంలో పక్షం కారు. 1681లో పెన్సిల్వేనియా సనదు పొందిన విలియం పెన్ కూడా లెనాపే తెగ నుంచి భూములు విడిగా కొన్నాడు. అయితే 1823లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, భూమిని కనుగొన్న దేశానికే యాజమాన్యం దక్కుతుందనీ, తెగలకు మిగిలేది అనుభవ హక్కు మాత్రమేననీ తీర్పు చెప్పారు. నా దృష్టిలో అది బలవంతుడికి అనుకూలించిన తర్కం. 1832లో ఆయనే మరో తీర్పులో, ఆ సనదులు ఇతర యూరోపియన్లపై మాత్రమే హక్కును ప్రకటించాయనీ, స్థానికుల హక్కుల వరకు అవి ఖాళీ కాగితాలేననీ అన్నారు. ఈ రెండింటినీ కలిపి చదవండి.

ఇక రద్దు సంగతి. సనదు ఇచ్చిన రాజు అయినా దాన్ని రద్దు చేయించడానికి న్యాయస్థానానికే వెళ్లాడు. 1624లో వర్జీనియా కంపెనీ సనదును ఇంగ్లండులోని కింగ్స్ బెంచ్ కోర్టు కొట్టివేసింది కో వారంటో, అంటే ‘ఏ అధికారంతో?’ అని నిలదీసే ప్రక్రియలోనే. మన రాజ్యాంగంలోని 32, 226 అధికరణల్లో మీరు చదివే రిట్‌కు మూలం అదే. మసాచుసెట్స్ బే కంపెనీ కథ ఇంకా ఆసక్తికరం. 1629 నాటి దాని సనదులో కంపెనీ సమావేశాలు ఎక్కడ జరగాలో రాయలేదు. ఆ ఒక్క లోపాన్ని పట్టుకుని, 1630లో జాన్ విన్‌త్రాప్ బృందం ఆ సనదునే ఓడలో తమ వెంట అమెరికాకు తీసుకెళ్లి, 1684లో ఇంగ్లండులోని చాన్సరీ కోర్టు రద్దు చేసేవరకు అక్కడి నుంచే పాలన సాగించింది.