పులి దాటి వెళ్లాక

చిరంజీవికి,

కొండ అడవి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పులి ఉంది, ఏనుగు ఉంది, జలపాతం ఉంది. రాత్రంతా ఆకుల కింద తిరిగే ప్రాణి మాత్రం ఒక్కటీ లేదు. అది నాకు బాధనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అభయారణ్యం అనగానే పెద్ద జంతువే గుర్తొస్తుంది, బోర్డు మీద బొమ్మ కూడా దానిదే. కానీ ఉష్ణమండలపు కొండ అడవిలో క్షీరదాల జాతులు లెక్కపెడితే, ఎక్కువ భాగం గబ్బిలాలు, ఎలుకలు, చుంచులే. ‘చిన్న జంతువులు కూడా ఉన్నాయి’ అని ఒక్క వాక్యంతో దాటేయకు. ఒకదాన్ని పట్టుకుని, అది ఏం చేస్తుందో రాయి.

ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవిలో కినాబాలు కొండ ఉంది. ఎత్తు 4,095 మీటర్లు. 1964 నుంచి అది రక్షిత వనం. ఆ వాలుల్లో నెపెంథిస్ రాజా అనే పెద్ద కూజా మొక్క పెరుగుతుంది. పురుగుల్ని పట్టే మొక్కగానే దాన్ని అందరూ ఎరుగుదురు. కూజా మూత లోపలివైపు తియ్యటి ద్రవం ఊరుతుంది. పగలు ట్రీ ష్రూ అనే, ఉడుతలా ఉండే జంతువు వచ్చి, అంచు మీద కూర్చుని దాన్ని నాకుతుంది. నాకుతూనే పెంటికలు వేస్తుంది, అవి కూజాలో పడతాయి. అక్కడి మట్టిలో తక్కువగా ఉండే నత్రజని మొక్కకు అలా అందుతుంది. చీకటి పడ్డాక అదే కూజా దగ్గరికి కొండ ఎలుక వస్తుంది. అంచుకీ మూతకీ మధ్య దూరం ట్రీ ష్రూ ఒంటి పొడవుకి సరిగ్గా సరిపోతుంది! ఇలాంటి ఒక్క దృశ్యం దొరికితే నేనైతే జలపాతం పేరా మొత్తం తీసేస్తాను.

పేర్ల దగ్గర జాగ్రత్త. చుంచెలుక పేరులో ఎలుక ఉన్నా అది ఎలుక కాదు. ఎలుక ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది కొరుకుతూ ఉండాలి. చుంచు పురుగులు తిని బతుకుతుంది. తిన్నది ఒంట్లో ఎంత త్వరగా ఖర్చయిపోతుందంటే, కొన్ని గంటలు తిండి లేకపోతే చనిపోవచ్చు. ఇది తెలిశాక ‘చుంచు హడావిడిగా పరుగెత్తింది’ అని ఊరికే రాయలేవు.

ఎలుకలు గింజల్ని దాచి, కొన్నింటి సంగతి మరిచిపోతాయి. వాటిలోంచి చెట్లు మొలుస్తాయి. కొండ మీద ఒక్కో జాతి ఒక్కో ఎత్తుకు అలవాటుపడి ఉంటుంది. వేడి పెరిగితే పైకి వెళ్లాలి, శిఖరం దాటాక వెళ్లడానికి చోటు లేదు. అందుకే అభయారణ్యం హద్దు కింది వాలు నుంచి పైదాకా తెగకుండా ఉందా, మధ్యలో రోడ్డు కోసిందా అన్నది తప్పకుండా చూడు.

ఈ చిన్న జంతువుల సర్వే చేసేవాళ్లతో తెల్లవారుజామునే వెళ్లు. అల్యూమినియం బోను, ఎరగా వేరుశనగ ముద్ద, చలికి కాస్త దూది. బరువు తూచి, పట్టిన చోటే వదిలేస్తారు. ఖాళీ బోనుల్ని కూడా రాసుకో, ఎక్కువ బోనులు ఖాళీగానే ఉంటాయి.

ఒంటినిండా పొలుసులుండే అలుగు అనే జంతువు బొరియ కనిపిస్తే, అది ఎక్కడుందో మాత్రం రాయకు. ఎనిమిది అలుగు జాతులకూ అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని 2016లో దేశాలు నిర్ణయించినా, వేట ఆగలేదు.

వానలు తగ్గాక అడవికి వెళ్తానన్నావు కదా. మొదటి ఉదయం రాసుకున్న నోట్సు దిద్దకుండానే నాకు పంపు.

ఆశీస్సులతో.