ప్లాటుకు అడ్వాన్సు ఇప్పుడే వద్దు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. వయసు 31. కంప్యుటేషనల్ కెమిస్ట్రీలో (కంప్యూటర్ మీద చేసే కెమిస్ట్రీ) పీహెచ్‌డీ పూర్తయింది, ఫెలోషిప్ ఆగిపోయింది. పోస్ట్‌డాక్‌లకు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), రీసెర్చ్ అసోసియేట్ (ఆర్‌ఏ) పోస్టులకు అప్లై చేస్తున్నాను. చేతిలో 4 లక్షలున్నాయి. నా భార్య స్కూల్ టీచరు, జీతం 22 వేలు. ఇంటి ఖర్చు 38 వేలు. అమరావతి వైపు ప్లాటుకు అడ్వాన్సు కట్టేయమని మామగారు అంటున్నారు. ఒక కన్సల్టెన్సీ లక్షన్నర ఇస్తే యూరప్‌లో పోస్ట్‌డాక్ ఇప్పిస్తామంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. పోస్ట్‌డాక్‌ని తీసుకునేది ఆ ల్యాబ్ ప్రొఫెసరు. మీ పేపర్లు, మీరు రాసిన కోడ్, మీ గైడ్ ఇచ్చే లెటరు చూస్తారు. మధ్యవర్తికి అక్కడ పనేం ఉంది? యూరప్ ఖాళీలు యూరాక్సెస్ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఇక లెక్క. మీ ఇంటికి నెలకు 16 వేలు తగ్గుతోంది. ఏడాదికి 1.92 లక్షలు. ఏడాది దాకా లెక్క వేయడం అతిజాగ్రత్త కాదు. యూరప్‌లో పోస్ట్‌డాక్ చేయడానికిచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి సెప్టెంబరులో దరఖాస్తు పెడితే ఫలితం వచ్చేది ఫిబ్రవరి ప్రాంతంలో. వచ్చినా, వీసా పనులన్నీ అయి చేరేసరికి ఇంకొన్ని నెలలు. మిగిలే 2.08 లక్షలు టికెట్లు, వీసా, అక్కడ అద్దె ఇంటికి అడ్వాన్సు, మొదటి జీతం పడేదాకా ఖర్చులకే సరిపోతాయి. ప్లాటుకు మిగిలేది సున్నా. మామగారికి ఈ లెక్క మీరు చెప్తే వినకపోవచ్చు, ఈ పేజీ చూపించండి.

విదేశాల కోసం ఎదురుచూస్తూనే ఇక్కడ ఆర్‌ఏ పోస్టు వస్తే చేరిపోండి. 2023 జనవరి నుంచి రీసెర్చ్ అసోసియేట్‌కి మొదటి స్థాయిలో నెలకు 58 వేలు, రెండులో 61, మూడులో 67 వేలు, దానిపైన హెచ్‌ఆర్‌ఏ. కొత్త పన్ను విధానంలో ఈ ఆదాయానికి టాక్స్ టెన్షన్ లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ప్రాజెక్టు నిధులు ఆలస్యమైతే రెండు మూడు నెలల జీతం ఒకేసారి పడుతుంది. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ అంతే. చాలాచోట్ల పీఎఫ్ ఉండదు, కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉండదు. అది మాత్రం ఇప్పుడే సొంతంగా తీసుకోండి.

మీ సబ్జెక్టుకి బెంగళూరు ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్, హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ, తిరుపతి ఐసర్ వెబ్‌సైట్లు వారానికోసారి చూడండి. ప్రకటన కోసం ఆగకుండా ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ పెట్టండి. ఇంటర్వ్యూకి టీఏ, డీఏ సాధారణంగా ఇవ్వరు. ఆన్‌లైన్‌లో కుదురుతుందా అని అడగడానికి మొహమాటపడొద్దు. సిమ్యులేషన్ పనికి మీ చేతులు కాదు, మీ స్క్రీను చూస్తే చాలు వాళ్లకి. బెంగళూరు వెళ్లక తప్పకపోతే కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ చాలు.

డబ్బంతా స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన ఎఫ్‌డీ) పెట్టండి, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు. చిట్టీ వద్దు, మధ్యలో ఆపితే డబ్బు వెంటనే చేతికి రాకపోవచ్చు.

గుంటూరు, విజయవాడల్లో నీట్, జేఈఈ కెమిస్ట్రీ చెప్పేవాళ్లకి గిరాకీ ఉంది. సాయంత్రం గంటల లెక్కన చెప్పుకోండి, నెలకు ఆ 16 వేలలో సగం పూడినా గొప్పే. ఫుల్‌టైమ్‌లో చేరమంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కొన్ని ప్రైవేటు కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటాయి, వీసా సమయంలో అవి చేతికి రాకపోతే ఆఫరే పోతుంది. ఎవరడిగినా జిరాక్సులే ఇవ్వండి.