పెట్టె మీది అంకె కాదు, గుండు చూడండి: పెద్ద రివాల్వర్ తూటాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: నాలుగంగుళాల గొట్టం ఉన్న .44 మ్యాగ్నమ్ రివాల్వర్‌తో జింకల వేటకు 240 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) హాలో పాయింట్, అంటే ముక్కున గుంట ఉన్న గుండు, వాడుతున్నాను. ఈసారి అలాస్కాలో గోధుమరంగు ఎలుగుబంట్లు తిరిగే చోట గుడారం వేస్తున్నాం. రక్షణకు అదే తూటా చాలదా? పెట్టె మీద దాని శక్తి 300 గ్రెయిన్ల తూటా కన్నా ఎక్కువే ఉంది.

జవాబు: చాలదు. ఆ శక్తి అంకెను నమ్ముకునే చాలామంది తప్పు తూటా కొంటున్నారు. లెక్క వేసి చూడండి: 240 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,350 అడుగుల వేగంతో పోతే సుమారు 970 ఫుట్-పౌండ్ల శక్తి. 300 గ్రెయిన్లది 1,200 అడుగుల వేగంతో పోతే 960. కాగితం మీద రెండూ ఒకటే, ఒంట్లోకి దిగే లోతులో మాత్రం పోలికే లేదు.

హాలో పాయింట్ ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుంటుంది. పక్కవాటుగా నిలబడ్డ జింక ఊపిరితిత్తులకు గురిపెట్టినప్పుడు మనకు కావలసింది అదే. ఎలుగుబంటి మీదికి వచ్చేటప్పుడు ఎదురుగా, తల దించుకుని వస్తుంది. గుండు బొచ్చు, కొవ్వు, దళసరి కండ, ఎముక దాటితే గానీ ప్రాణం ఉన్న చోటికి చేరదు. విచ్చుకున్న గుండుకు అంత దూరం పోయే సత్తువ మిగలదు.

కాబట్టి 300 లేదా 305 గ్రెయిన్ల హార్డ్‌కాస్ట్ గుండు తీసుకోండి. తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరిచిన సీసం అది. ముక్కు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండాలి. గుండ్రటి ముక్కు కండను పక్కకు నెట్టుకుంటూ జారిపోతుంది, ఎముక తగిలితే దారి తప్పుతుంది. చదును ముక్కు కండను చీల్చుకుంటూ తిన్నగా పోతుంది. అలాగని సీసం ఎంత గట్టిదైతే అంత మంచిదనుకోవద్దు. మరీ గట్టిదైతే పెళుసుబారి ఎముక దగ్గరే ముక్కలవుతుంది.

కొత్త తూటాతో 15 గజాల దూరంలో గురి సరిచూసుకోవడం మరిచిపోవద్దు. బరువు గుండు నెమ్మదిగా కదులుతుంది, అది బ్యారెల్ దాటేలోపే వెనుదెబ్బకు మూతి పైకి లేస్తుంది. అందుకే సాధారణంగా దెబ్బ కాస్త పైన పడుతుంది. గురి చూసే వెనుక సైట్‌ను కిందికి దించుకోవాలి.

ప్రశ్న: తేలికపాటి రివాల్వర్‌లో బరువు తూటాలు వేసి నాలుగు పేల్చాక సిలిండర్ (తూటాలు నింపే, తిరిగే భాగం) బిగుసుకుపోయింది. లోపం తుపాకిదా, తూటాదా?

జవాబు: రెండింటి జోడీది. బస్సు ఒక్కసారిగా ముందుకు లాగితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు పేలని తూటాల్లోని గుండ్లు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. కేసు (గుండును, మందును పట్టి ఉంచే లోహపు గొట్టం) వెనక్కి వస్తుంది, గుండు ముందుకు జారుతుంది. దాని ముక్కు సిలిండర్ ముఖం దాటిందా, ఇక సిలిండర్ తిరగదు. తుపాకి ఎంత తేలికైతే, గుండు ఎంత బరువైతే ఈ బెడద అంత ఎక్కువ. జారకుండా ముఖ్యంగా పట్టి ఉంచేది కేసు అంచును గుండు గాడిలోకి మడిచే క్రింప్.

అడవికి తీసుకెళ్లే ముందు ఇలా పరీక్షించండి. ఆరు తూటాలు నింపండి. ఒకదాని అడుగున పెన్నుతో గుర్తు పెట్టి, మొత్తం పొడవు క్యాలిపర్‌తో కొలిచి రాసుకోండి. మిగతా అయిదూ పేల్చి, గుర్తు పెట్టినదాన్ని తీసి మళ్లీ కొలవండి. అంగుళంలో వందో వంతు పెరిగినా ఆ తూటా ఆ తుపాకికి పనికిరాదనే మా అభిప్రాయం. ఒక్కసారితో సరిపెట్టకుండా రెండు మూడు విడతలు చేయండి. కొన్ని తేలిక మోడళ్లకు సీసపు గుండ్లు వాడవద్దని తయారీదారులే చెబుతారు, మాన్యువల్ చదవండి.

బిగుసుకుపోయినప్పుడు మాత్రం ముందు నుంచి సుత్తితో కొట్టి గుండును లోపలికి నెట్టే ప్రయత్నం వద్దు. ఆ కేసులో మందు ఉంది, దాన్ని అంటించే ప్రైమర్ ఉంది. మూతిని క్షేమమైన వైపు తిప్పి ఉంచి, తుపాకులు బాగుచేసేవారికి అప్పగించండి.

ప్రశ్న: .454 కాసుల్ రివాల్వర్‌లో .45 కోల్ట్ తూటాలు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, సాధనకు మంచివి కూడా. అయితే పొట్టి కేసులు పేల్చినప్పుడు ఛాంబర్‌లో (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రంలో) మసి వలయంలా పేరుకుంటుంది. కంచు బ్రష్‌తో దాన్ని తీయకుండా .454 నింపితే తూటా పూర్తిగా దిగదు, దిగినా ఖాళీ కేసు బయటికి రానని మొరాయిస్తుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. 1873 నాటి .45 కోల్ట్‌కు ప్రామాణిక పీడన పరిమితి చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు. .454 పరిమితి 65,000. .454 కేసు దాదాపు అంగుళంలో పదో వంతు పొడవెక్కువ గనుక .45 కోల్ట్ తుపాకిలో పట్టదు, ఆ పొడవే కాపాడుతుంది. కానీ దృఢమైన రివాల్వర్ల కోసమే చేసే, 30,000 దాకా పోయే .45 కోల్ట్ తూటాలూ దొరుకుతాయి. వాటి కేసు పొడవు మామూలుదే. పాత తుపాకిలోనూ చక్కగా దిగిపోతాయి, సిలిండర్‌ను పగలగొట్టనూగలవు. పెట్టె మీది హెచ్చరిక చదవకుండా ఒక్కటి కూడా నింపవద్దు. వాటిని మామూలు తూటాలతో కలిపి ఒకే సంచిలో ఉంచనే వద్దు.

ప్రశ్న: ఇంకా పెద్దదైన .500 రివాల్వర్ కొంటే ఈ బెంగలన్నీ తీరవా?

జవాబు: రెండో గుండు కూడా గురి తప్పకుండా త్వరగా పేల్చగలిగితే కొనండి. లేకపోతే .44 మేలు.

ప్రశ్న: తుపాకి ఉన్నా ఎలుగుబంటిని తరిమే మిరప ఘాటు స్ప్రే కావాలా?

జవాబు: కావాలి. దాన్ని సంచిలో కాదు, నడుముకు తగిలించుకోండి. ఇంకొక సంగతి: అలాస్కాలో ప్రాణరక్షణకు ఎలుగుబంటిని చంపితే అది మీది కాదు. చర్మం గోళ్లతో సహా ఒలిచి, పుర్రెతో పాటు రాష్ట్ర అధికారులకు అప్పగించాలి, జరిగింది వెంటనే తెలియజేయాలి. వెంట పదునైన కత్తి ఉంచుకోండి.