కూలిడ్జ్‌లో ‘లేడీ’ని చూడాలంటే

ప్రశ్న: నాకు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (సిలిండర్‌తో నీళ్ళ కింద ఈదే స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) ఉంది. వచ్చే సెలవుల్లో పసిఫిక్ సముద్రంలో ఉన్న వనువాటు దేశంలోని ఎస్పిరిటు సాంటో దీవికి వెళ్తున్నాం. అక్కడ మునిగిన ‘ప్రెసిడెంట్ కూలిడ్జ్’ ఓడ లోపల ‘లేడీ’ అనే బొమ్మ ఉందట. దాన్ని చూడాలని నా కోరిక. మంచి గైడ్ వెంట ఉంటే చాలని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలదండీ. గైడ్ దారి చూపిస్తాడు గానీ, మీ బదులు ఊపిరి పీల్చడు కదా!

ముందు లెక్క చూద్దాం. ఓపెన్ వాటర్ వాళ్ళకు పరిమితి 18 మీటర్లు. కూలిడ్జ్ ముందు కొస సుమారు 20 మీటర్ల దగ్గర మొదలవుతుంది. అంటే మీ కార్డు ఆగిపోయిన చోటుకి ఓడ ఇంకా రానేలేదు. వెనక కొస దాదాపు 70 మీటర్ల లోతుకి పోతుంది. లేడీ ఉన్నది 40 మీటర్ల ప్రాంతంలో, అదీ ఓడ లోపల.

40 మీటర్ల దగ్గర పీడనం ఒడ్డున ఉన్నదానికి 5 రెట్లు. గాలి కూడా 5 రెట్లు వేగంగా ఖర్చవుతుంది. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 100 లీటర్లు కావాలి. 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్ (ఒడ్డున ఉండే పీడనానికి సుమారు 200 రెట్లు) నింపితే మొత్తం 2,400 లీటర్లు. ఓడ లోపలికి వెళ్ళేవాళ్ళు పాటించే పద్ధతిలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ఆపదకి. పోవడానికి మీకు మిగిలేది 800 లీటర్లు, అంటే 8 నిమిషాలు. కంగారు పడితే ఊపిరి రెట్టింపవుతుంది, ఆ 8 నాలుగవుతాయి. పైగా అంత లోతున డెకంప్రెషన్ ఆపులు (ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి పైకొచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగడం) లేకుండా ఉండగలిగే సమయం పట్టికల ప్రకారమే 9 నిమిషాలు. అందుకే ఇక్కడ లోతు డైవ్‌ల తర్వాత ఒడ్డువైపు పగడాల వాలు మీద ఆపులు చేసుకుంటూ పైకొస్తారు. అక్కడ చేపలు బోలెడు, విసుగు పుట్టదు. కానీ ఆ ఆపులకీ గాలి మిగలాలి. రెండో సిలిండర్, దాన్ని వాడే అలవాటు ఉండాలి.

ఇక నైట్రోజన్ మత్తు, అంటే లోతున పీల్చే గాలిలోని నైట్రోజన్ తాగినట్టు మత్తెక్కించడం. 30 మీటర్లు దాటాక చాలామందికి తల తేలికవుతుంది. నా విద్యార్థుల్లో గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్‌ని రెండుసార్లు చూసినా అంకె బుర్రకెక్కనివాళ్ళు ఉన్నారు. ఒడ్డున వీళ్ళంతా లెక్కల్లో దిట్టలే. ఆ మత్తులో చీకటి గదిలోకి వెళ్ళడం మాత్రం వద్దు.

కూలిడ్జ్‌కి మరో చిక్కుంది, ఫొటోలు చూసినవాళ్ళకి ఇది తట్టదు. ఓడ ఎడమ పక్కకి ఒరిగి పడుకుంది. లోపల నేల గోడైంది, గోడ కప్పైంది. తలుపులన్నీ అడ్డంగా ఉంటాయి. మరుగుదొడ్లు గోడకి మొలిచినట్టు కనిపిస్తాయి. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి వచ్చిన దారేదో అయిదు నిమిషాల్లో మరుపుకొస్తుంది. గోడలకీ కప్పులకీ బురద పేరుకుపోయి ఉంటుంది. కాలికి తొడుక్కున్న ఫిన్ (ఈత రెక్క) ఒక్కసారి గట్టిగా కొడితే చాలు, టార్చ్ వెలుతురు పాలనీళ్ళలో వేసినట్టవుతుంది. అప్పుడు మిమ్మల్ని బయటికి తెచ్చేది వెనక కట్టుకొచ్చిన తాడు, దాన్ని పట్టుకుని కళ్ళు మూసుకునైనా రాగలిగే సాధన. గైడ్ ఎంత మంచివాడైనా అప్పుడు మీకు కనపడడు.

అయితే ఏం చేయాలి? వెళ్ళకముందే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయండి, అప్పుడు 30 మీటర్ల దాకా దిగొచ్చు. మొదటి రోజులు ఓడ బయటే తిరగండి. ఇది తక్కువేమీ కాదు. ఇక్కడ పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగితే ముందుభాగం వస్తుంది. ప్రయాణికులు షికారు తిరిగే డెక్ మీద తుపాకులు, హెల్మెట్లు, గ్యాస్ మాస్కులు పడున్నాయి. ముందరి సరకు గదుల్లో లారీలు, జీపులు ఉన్నాయి. ఆ గదులు బయటికి తెరుచుకుని ఉండడంతో వెలుతురు వస్తుంది. (తుపాకి భుజాన పెట్టుకుని ఫొటో దిగే సరదా ఒకటుంది అక్కడ. నాకు గిట్టదు.) తర్వాత లోతు కోర్సు, రెక్ కోర్సు (మునిగిన ఓడల్లో డైవింగ్ నేర్పేది) పూర్తిచేసి, శరీరాన్ని నీళ్ళలో కదలకుండా నిలపడం అలవాటైనప్పుడు లేడీ సంగతి చూడొచ్చు. ఆవిడ మొదట ప్రథమశ్రేణి పొగతాగే గదిలో నిప్పుగూడు పైన ఉండేది. అక్కణ్ణుంచి ఊడిపడ్డాక డైవర్లు భోజనశాలకి మార్చారు. పింగాణీ బొమ్మ, యూనికార్న్ పక్కన ఒక స్త్రీ. టార్చ్ వేయకపోతే అంతా బూడిదరంగే, ఎందుకంటే లోతుకి పోయేకొద్దీ ముందు పోయేది ఎరుపు. వెలుతురు పడగానే ఆమె బట్టల రంగు బయటికొస్తుంది.

ప్రశ్న: అమెరికా ఓడ అమెరికా మందుపాతరలకే మునిగిందని చదివాను. అంత పెద్ద విలాస నౌకలో సైనికుల సామాన్లెందుకున్నాయి?

జవాబు: 1931లో వచ్చిన ఈ ఓడ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఆసియా రేవులకి ప్రయాణికుల్ని తిప్పింది. ఈత కొలనులు, సోకైన గదులు, అన్నీ ఉండేవి. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక అమెరికా సైన్యం తీసుకుంది. 1942 అక్టోబర్ 26న 5 వేలమందికి పైగా మనుషులతో సాంటో రేవులోకి వస్తోంది. జపాన్ జలాంతర్గాముల భయంతో అమెరికన్లే అక్కడ మందుపాతరలు పెట్టారు, సురక్షితమైన దారి వివరం మాత్రం ఓడకి అందలేదు. ఒకటి తగిలింది, వెంటనే రెండోది. కెప్టెన్ హెన్రీ నెల్సన్ ఓడని పగడపు దిబ్బ మీదికెక్కించాడు. అదే దాదాపు అందర్నీ బతికించింది. సామాన్లు వదిలేయండి, తర్వాత తెచ్చుకోవచ్చని చెప్పి దించారు. సుమారు గంటన్నరలో ఓడ పక్కకొరిగి, దిబ్బ మీంచి జారి లోతుకి పోయింది. అలా ఆ సామాన్లన్నీ అక్కడే ఉండిపోయాయి.

ఇద్దరు చనిపోయారు. ఒకరు ఇంజిన్ గదిలో పనిచేసే రాబర్ట్ రీడ్. మరొకరు సైన్యంలో కెప్టెన్ ఎల్వుడ్ యూఆర్ట్. ఈయన క్షేమంగా దిగిపోయాక, ఓడలో వైద్యశాలలో కొందరు చిక్కుకున్నారని విని వెనక్కి వెళ్ళాడు. వాళ్ళని బయటికి పంపాడు గానీ తాను రాలేకపోయాడు. ఆయన అవశేషాలు 2012లో ఓడలోనే దొరికాయి, 2016లో రోడ్ ఐలాండ్‌లో ఖననం చేశారు. ఓడ గైడ్లు పర్యాటకులకి లేడీ కథే ముందు చెప్తారు, నా దగ్గరికొచ్చేవాళ్ళకి నేను ఈయన కథ ముందు చెప్తాను.

ప్రశ్న: చిన్న సీసానో, పింగాణీ కప్పు ముక్కో తెచ్చుకుంటే ఎవరికి నష్టం?

జవాబు: వద్దు. 1983 నుంచి వనువాటు ప్రభుత్వం దీన్ని రక్షిత శిథిలంగా ప్రకటించింది, ఏదీ తీయకూడదు. అంతకుముందు ప్రొపెల్లర్లు సహా విలువైనవి తీసుకుపోయారు. పట్టుకుని చూసి పెట్టేద్దామనుకున్నా, మీరు కదిపిన బురద వెనకొచ్చేవాళ్ళ కళ్ళకడ్డం పడుతుంది. పాత తుపాకీ గుళ్ళు, ఫిరంగి గుళ్ళు కూడా ఉన్నాయి, వాటి జోలికి అసలే పోకండి.

ప్రశ్న: చివరి రోజు పొద్దున్నే ఒక డైవ్ చేసి సాయంత్రం సాంటోలోని లుగాన్‌విల్ పట్టణం నుంచి విమానం ఎక్కొచ్చా?

జవాబు: ఎక్కకూడదు. వరుసగా డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రతా సంస్థల సలహా. డెకంప్రెషన్ ఆపులు చేసినవాళ్ళు ఇంకా ఎక్కువ. నేనైతే పూర్తిగా ఒక రోజు ఖాళీ ఉంచుకోమంటాను. రాజధాని పోర్ట్ విలాకి వెళ్ళే చిన్న విమానమైనా అంతే, దూరం తక్కువని మినహాయింపు లేదు. ఆ రోజు దగ్గర్లోనే ఉన్న మిలియన్ డాలర్ పాయింట్‌కి వెళ్ళండి. యుద్ధం అయ్యాక అమెరికన్లు లారీలు, బుల్డోజర్లు సముద్రంలోకి తోసేసిన చోటు. సిలిండర్ అక్కర్లేదు, మాస్కు పెట్టుకుని నీటి పైనే తేలుతూ చూడొచ్చు. కాళ్ళకి బూట్లు వేసుకోండి, ఒడ్డంతా తుప్పుపట్టిన ఇనుమే.