అంటీముట్టనట్టు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. బాగానే నడిపావు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. రైల్లో ఎదురు సీటాయన "అంటీముట్టనట్టు కూర్చున్నాడు" అని రాశావు. ముక్కూమొహం తెలియని మనిషి అంటీముట్టనట్టు ఎలా ఉంటాడయ్యా?

ఆ మాట కొంచెం విప్పి చూడు. చూసీ చూడనట్టు, వినీ విననట్టు అంటాం కదా, ఇదీ ఆ వరసే. చూసినవాడే చూడనట్టు ఉండగలడు. అలాగే ముందు అంటి ఉండాలి, ముట్టనట్టు ఉండటం ఆ తర్వాత. తడిపిన పిండి చేతికి అంటుతుంది. మామిడికి అంటు కడతారు. బాకీ తీరిస్తే పైకం ముట్టిందని రాసిస్తారు. రెండూ తాకిడి మాటలే. చుట్టరికమో, స్నేహమో, కనీసం ఆఫీసులో పక్కపక్క కుర్చీలో, ఏదో ఒకటి ఉన్నచోటే దీనికి పని. నీ రైలాయన తన మానాన తను కూర్చున్నాడు, అంతే. అన్నట్టు, అంటరానితనంలో ఉన్నదీ ఈ ‘అంటు’ మాటే. ఊరి కథలు రాసేటప్పుడు అది గుర్తుపెట్టుకో.

నాకు ఈ మాట అర్థమైంది మా ఇంట్లో పెళ్ళిలో. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి నాన్నకీ బాబాయికీ మాటలు తగ్గిన రోజులు. పిలిస్తే బాబాయి వచ్చాడు. రాకపోతే నలుగురూ అడుగుతారు కదా! వెనక వరసలో నిలబడి అక్కడినుంచే అక్షింతలు విసిరాడు. చదివింపుల కవరు నాన్నకి కాదు, పద్దు రాసే కుర్రాడికి ఇచ్చాడు. రెండో బంతిలో ఓ మూల కూర్చుని తిన్నాడు. "పెరుగు వేసుకో బాబాయ్" అన్నాను. "ఆఁ, అయిందమ్మా" అని విస్తరి మడిచేశాడు. గ్రూప్ ఫోటోలో ఆయన భుజం సగమే పడింది. మాట తేడా లేదు, మర్యాద లోటు లేదు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క నాన్న రాత్రంతా నిద్రపోలేదు.

ముభావం ఇది కాదు. ముభావం మనసు బాగోనప్పటిది, సాయంత్రానికి పోవచ్చు, ఒంటరిగా ఉన్నా ఉంటుంది. ముక్తసరి ఉర్దూ ముఖ్తసర్ నుంచి వచ్చింది, పొట్టిగా అని. అది మాటల కొలతే తప్ప మనసు సంగతి చెప్పదు. మా ప్రెస్‌లో కంపోజిటర్ ఒకాయన ఎప్పుడూ ముక్తసరే, కానీ ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే వెళ్ళేవాడు.

ఉదాసీనత దగ్గర జాగ్రత్త. సంస్కృతంలో పక్కకి కూర్చున్నవాడు ఉదాసీనుడు. గీత 12వ అధ్యాయంలో అది భక్తుడి గుణం, మెచ్చుకోలు. పేపర్లో "అధికారుల ఉదాసీనత" అంటే మాత్రం తిట్టు. నీ పాత్ర సన్యాసా, గుమాస్తానా తేల్చుకుని వాడు. తటస్థుడు గట్టున నిలబడ్డవాడు, పంచాయితీలకి పనికొస్తాడు. ఇక తామరాకు మీద నీటిబొట్టు సంగతి, దాన్ని వదిలెయ్, ఇప్పటికే అరిగిపోయింది.

నీ కథలో ఈ మాటకి తగిన మనిషి వేరే ఉన్నాడు, నువ్వు చూసుకోలేదు. కట్నం బాకీ ఉందని అల్లుడింటికి మొహమాటంగా వచ్చే ఆ మామగారు. ఆయన దగ్గర కూడా ఈ మాట వాడకు. కాఫీ గ్లాసు అందుకుని తాగాడా, కిటికీలో పెట్టాడా? చెప్పులు గుమ్మం పక్కనే విడిచాడా, మెట్ల కిందా? అవి రాయి.

తిరగరాసి పంపు. ఈసారి పేజీలకి నంబర్లు వెయ్యి, పోయినసారి కింద పడితే మళ్ళీ వరసగా పేర్చుకోవడానికి అరగంట పట్టింది.

నీ అక్క