నేపాల్‌లో సర్వర్లు ఎఫ్ఎం రేడియోల చేతికి ఇవ్వండి

నేపాల్‌లో ఇంటర్నెట్ వాడేవాళ్లను మాస్టడాన్ లాంటి వికేంద్రీకృత, అంటే ఒక్క కంపెనీ చేతిలో లేని, సోషల్ మీడియా వైపు ఎలా మళ్లించాలి అని అడిగారు. ముందు ప్రైవసీ పాఠాలు ఆపేయాలి. తమవాళ్లు ఎక్కడుంటే జనం అక్కడికి వెళ్తారు. అదీ ఇంటిల్లిపాదీ కలిసే వెళ్తారు.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది నేపాల్ పశ్చిమాన అఛాం జిల్లా. రోజూ రాత్రి గేటు దగ్గర కూర్చుని మెసెంజర్‌లో భార్యాపిల్లలతో వీడియో కాల్ మాట్లాడతాడు. 2025 సెప్టెంబర్ 4న అక్కడి ప్రభుత్వం, రిజిస్టర్ చేసుకోలేదంటూ మెసెంజర్‌తో సహా 26 యాప్‌లను ఆపేయమంది. ఆ తర్వాత ఒక రాత్రి ఫోన్ పట్టుకుని మా తలుపు కొట్టాడు. "సార్, కాల్ కలవట్లేదు. నెట్ ప్యాక్ అయిపోయిందేమో చూడండి" అన్నాడు. ప్యాక్ ఉంది. సంగతి చెప్పేసరికి టెన్షన్ పడిపోయాడు. చిన్నవాడికి జ్వరమట. నా ఫోన్ నుంచి ఐఎస్‌డీ చేసిచ్చాను. వాళ్ల పక్కింట్లో ప్లస్ టూ చదివే అమ్మాయి అప్పటికే వాళ్లావిడ ఫోన్‌లో వైబర్ అనే ఇంకో కాలింగ్ యాప్ వేస్తోందట. వైబర్ రిజిస్టర్ అయింది కాబట్టి అది ఆగలేదు. ఇతని ఫోన్‌లో నేను వేసిచ్చాను. కాసేపట్లో పిల్లాడు తెర మీద కనిపించాడు.

ఏళ్లుగా వాడిన యాప్‌ని ఆ కుటుంబం ఒక్క రాత్రిలో మార్చేసింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, నమ్మకమున్న మనిషి పక్కన కూర్చుని చేసిపెట్టింది, అంతే. కానీ వాళ్లు వెళ్లింది ఇంకో కంపెనీ యాప్‌లోకే. రేపు దాన్నీ ఆపేస్తే?

ఆ 26 పేర్లలో మాస్టడాన్ కూడా ఉంది. అది ఒక్క కంపెనీ నడిపేది కాదు, ఎవరి సర్వర్ (జనం ఖాతాలు, పోస్టులు ఉండే కంప్యూటర్) వాళ్లు నడుపుకునే వేల సర్వర్ల కూటమి. అక్కడ ఎన్‌టీసీ సిమ్ నుంచి ఇంకో కంపెనీ ఎన్‌సెల్ సిమ్‌కి ఫోన్ కలిసినట్టే, ఒక సర్వర్ వాళ్లు ఇంకో సర్వర్ వాళ్లతో మాట్లాడుకోవచ్చు. అయినా కొత్తవాళ్లందరినీ తీసుకెళ్లి ఒకే పెద్ద సర్వర్‌లో చేర్పిస్తారు. ఆ ఒక్క అడ్రస్ బ్లాక్ చేస్తే అందరూ పోయినట్టే. ఇక్కడ మన ఓపెన్ సోర్స్ మిత్రులూ ఇదే సలహా ఇస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నా మాట వినండి, నేపాల్‌లో ఈ పని కమ్యూనిటీ రేడియోలకు, అంటే ఊరివాళ్లే నడుపుకునే ఎఫ్ఎం స్టేషన్లకు, అప్పగించాలి. దక్షిణాసియాలో ఇలాంటి తొలి స్వతంత్ర రేడియో, రేడియో సగర్‌మాథా, 1997లో కాఠ్‌మాండూ లోయలోనే మొదలైంది. మన జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో వచ్చింది 2008లో. ఇప్పుడు నేపాల్ కొండల్లో ఇలాంటి స్టేషన్లు వందల్లో ఉన్నాయి. 2005లో రాజు జ్ఞానేంద్ర ఎఫ్ఎంలో వార్తలు చదవొద్దన్నప్పుడు రేడియోలవాళ్లు కోర్టు దాకా వెళ్లి పోరాడారు. ఇక మహావీర్ పున్ అనే ఆయన అక్కడి మ్యాగ్దీ జిల్లా నాంగీ ఊరి నుంచి కొండల మీదుగా ఊళ్లకు వైఫై లాగి 2007లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఊరి నెట్‌వర్క్ ఊరే నడుపుకోవడం వాళ్లకు కొత్త కాదు.

స్టేషన్‌లో టెక్నీషియన్ ఉంటాడు, ఊరు నమ్మే గొంతు ఉంటుంది. ఒక చిన్న సర్వర్ పెట్టి, రాతలకు మాస్టడాన్, కాల్స్‌కు మ్యాట్రిక్స్ (ఇదీ ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే చాట్, కాల్స్ వ్యవస్థే) వేస్తే చాలు. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల చాట్‌కి మ్యాట్రిక్స్‌నే వాడుతోంది, కాబట్టి ఇది ప్రయోగమేమీ కాదు. శనివారం సెలవు కదా, ఆ రోజు రేడియోలో చెప్పి ఫోన్లు తెమ్మనాలి. పక్కింటి అమ్మాయిలాంటి పిల్లలు ఇన్‌స్టాల్ చేసిపెడతారు. గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఇంటాయనకు కూడా అదే రోజు వేయించాలి, లేకపోతే వారం తిరక్కుండా మెసెంజర్‌కే పోతారు.

ఒక్క అడ్డంకి మాత్రం నిజంగా పెద్దది. 2025 మొదట్లో అక్కడి పార్లమెంటుకు వచ్చిన సోషల్ మీడియా బిల్లులో లైసెన్స్ తప్పనిసరి అన్నారు. కంపెనీలకు పెట్టే నిబంధనే ఊరి రేడియో సర్వర్‌కీ పెడితే ఎవరూ ముందుకు రారు. మీరు నిజంగా ఏదైనా చేయాలనుకుంటే, లాభాపేక్ష లేని చిన్న సర్వర్లకు మినహాయింపు ఇవ్వమని ముందు నేపాల్ ఎంపీలను అడగండి.